అబ్రప్ట్ అంటే ‘హఠాత్తుగా’ అనేనా, ఇంకేమైనా ఉందా?

ప్రశ్న: తార్నాక వాసి

అందరికీ నమస్కారం. ఒక ఇంగ్లీషు మాట నన్ను వారం రోజులుగా వేధిస్తోంది. భాష తెలిసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు కనుక మీ ముందు పెడుతున్నాను.

నేను మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఈ ఏడాది పనితీరు సమీక్షలో మా మేనేజర్ నా గురించి రాసిన నాలుగు వాక్యాల్లో ఒకటి, క్లయింట్లకు నేనిచ్చే జవాబులు ‘అబ్రప్ట్’గా ఉంటున్నాయని. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకుని, అబ్రప్ట్ అంటే ‘హఠాత్తుగా, ఒక్కసారిగా’ అని బట్టీపట్టినవాడిని కావడం వల్ల, మెయిల్ వచ్చిన నిమిషానికే జవాబిస్తానని మెచ్చుకున్నారు కాబోలని సంబరపడ్డాను. ఆ సంబరంలోనే పక్క కుర్చీలోని మిత్రుడికి చూపించాను. అతడు చదివి, కాసేపు ఏమీ అనకుండా, ‘పద, చాయ్ తాగి వద్దాం’ అన్నాడు. కిందికి వెళ్లాక అసలు సంగతి నెమ్మదిగా చెప్పాడు.

మేనేజర్ ఉదాహరణగా చూపిన జవాబు ఇది. క్లయింట్ ఒకాయన తన ఇబ్బందిని పన్నెండు పంక్తుల్లో వివరించి, మధ్యలో రెండు ప్రశ్నలు అడిగి, చివర మా బృందానికి కృతజ్ఞతలు చెప్పి పంపిన మెయిల్‌కు, నేను నలభై సెకన్లలో ‘నోటెడ్’ అని ఒక్క మాట రాసి పంపాను. నా దృష్టిలో అది చురుకుదనం.

ఇంటికి వచ్చి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తీస్తే అయోమయం ఇంకా పెరిగింది. ఆకస్మికమైన, మర్యాద తక్కువైన, నిట్టనిలువైన, పొంతన లేని అని నాలుగు అర్థాలు వరుసగా ఉన్నాయి. వేగానికీ మర్యాదకూ ఏమిటి సంబంధం? ఆ రెండింటికీ కొండవాలుకూ ఏమిటి సంబంధం? ఈ నాలుగింటిలో ముందు పుట్టిన అర్థం ఏది, తరువాత వచ్చి చేరినవి ఏవి? నా జవాబులను వర్ణించడానికి తెలుగులో సరైన మాట ఏది? చివరి ప్రశ్న కొంత స్వార్థంతో అడుగుతున్నదే, ఏమీ అనుకోకండి.

జవాబు 1: విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు, విద్యానగర్

తార్నాక వాసి గారికి, మీ నిఘంటువు తప్పు చెప్పలేదు గానీ, నాలుగు అర్థాలను నాలుగు వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి, వాటి మధ్య తలుపు ఎక్కడుందో చూపలేదు. ఆ తలుపు ఆ మాట పుట్టుకలో ఉంది.

అబ్రప్ట్ లాటిన్ నుండి వచ్చింది. లాటిన్‌లో ‘రుంపెరె’ అంటే విరచడం, తెంచడం. దాని ముందు ‘నుండి, దూరంగా’ అనే అర్థమిచ్చే ‘అబ్’ చేరితే ‘అబ్రుంపెరె’, అంటే ఒకదాని నుండి మరొకదాన్ని విరిచి వేరుచేయడం. ‘విరిగి విడిపోయిన’ అని చెప్పే దాని రూపం ‘అబ్రుప్టుస్’. ఇంగ్లీషువారు పదహారో శతాబ్ది చివరి భాగంలో, 1580ల ప్రాంతంలో, తోక కత్తిరించి దీన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు. ఈ చరిత్రలో కాలం గురించి గానీ వేగం గురించి గానీ ఒక్క మాటైనా లేదని గమనించండి. ఉన్నదల్లా విరగడమే.

ఇప్పుడు మీ నాలుగు అర్థాలనూ ఆ విరుపు దగ్గర నుండి చూడండి. నేల సాగుతూ సాగుతూ ఒకచోట విరిగిపోయి, అంచు కింద ఏమీ లేకుండా పోతే అది నిట్టనిలువు చరియ. ఈ అర్థం ఇంగ్లీషువారు కల్పించుకున్నది కాదు, లాటిన్‌లోనే ఉంది; అక్కడ అబ్రుప్టుస్ అంటే కొండ అంచు వంటి స్థలం కూడా. గోల్కొండ కోటలో బాలాహిస్సార్ పైకి ఎక్కినవారికి ఈ తేడా కాళ్లకే తెలుస్తుంది. మెట్ల వైపు కొండ ఒద్దికగా దిగుతుంది. బండలు చీలి నిలువుగా ఆగిపోయిన చోటికి వచ్చి చూస్తే మాత్రం, మన పాదం ఉన్న రాయి అక్కడితో సరి, దాని తరువాతి రాయి ఎంతో కింద ఉంటుంది. రెండింటి మధ్య ఉండవలసిన వాలు లేదు. అబ్రప్ట్ చెప్పేది ఆ లేని వాలు గురించే.

మాటల వరుస విరిగితే పొంతన లేని రచన అవుతుంది: ఒక వాక్యానికీ తరువాతి వాక్యానికీ మధ్య వంతెన ఉండదు. జరుగుతున్న పని విరిగితే, చూసేవారికి అది హఠాత్తుగా ఆగినట్లు కనిపిస్తుంది. ఆకస్మికత్వం ఈ దారిలోనే వచ్చి చేరింది. ఇక ఎదుటివారితో సంభాషణ విరిగితే మీ మేనేజర్ గారు చెప్పిన అర్థం వస్తుంది. మీరు నలభై సెకన్లలో జవాబివ్వడం ఆమెకు గానీ ఆయనకు గానీ అభ్యంతరం కాకపోవచ్చు. పన్నెండు పంక్తులు నడిచి వచ్చిన మాటను ఒక్క మాటతో విరిచారన్నది అభ్యంతరం. అదే ‘నోటెడ్’ను నాలుగు రోజుల తరువాత పంపి ఉన్నా అది అబ్రప్టే అవుతుంది. మీ సందేహానికి ఇది ఒక్కటి చాలునేమో.

ఈ విరుపు కుటుంబం పెద్దది. మాట మధ్యలో విరవడం ఇంటరప్ట్. లోపలిది పగిలి పైకి రావడం ఎరప్ట్. పూర్తిగా చెడిపోయేలా విరగడం కరప్ట్. అవినీతికి వాడే ఆ మాటలోనూ ముక్కలైన వస్తువే ఉంది. బాంక్రప్ట్ ఇటలీ నుండి వచ్చింది. అక్కడ వడ్డీవ్యాపారి బల్ల వేసుకుని కూర్చునేవాడు కనుక, దివాలాను ‘విరిగిన బల్ల’ అన్నారు. చివరికి మనం రోజూ అనే బస్సు రూటు కూడా ఈ ఇంటిదే: అడవినీ రాయినీ విరిచి వేసిన దారి అనే అర్థంలో లాటిన్‌వారు ‘రుప్టా’ దారి అన్నారు, అది ఫ్రెంచి మీదుగా రూటుగా మారింది. ఆ రూటు నుండే రొటీన్ పుట్టింది. విరుపును చెప్పే ధాతువు నుండి, ఎన్నడూ విరగకుండా సాగే దినచర్యకు పేరు రావడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

జవాబు 2: బయాలజీ టీచర్, దిల్‌సుఖ్‌నగర్

పై జవాబుకు మా పాఠం నుండి ఒక సాక్ష్యం ఇస్తాను. వృక్షశాస్త్రంలో అబ్రప్ట్ అనే మాటకు వేగంతో ఏ సంబంధమూ లేదు. ఆకు ఎక్కడికీ పరుగెత్తదు కదా.

వంటింట్లోకి వెళ్లి ఒక కరివేపాకు రెబ్బ, ఒక చింతాకు రెబ్బ తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ మధ్య ఈనెకు ఇటూ అటూ చిన్న ఆకులు ఉంటాయి. కరివేపాకు ఈనె చివరికి వేలు తీసుకువెళితే, కొసన ఒంటరిగా ఒక ఆకు ఉంటుంది. ఈనె ఆ ఆకులోకి నడిచి ముగుస్తుంది. చింతాకు ఈనె చివరికి వెళితే, అక్కడ ఒక జత ఉంటుందే తప్ప కొస ఆకు ఉండదు. ఎవరో గోటితో తుంచినట్లు ఈనె అక్కడితో ఆగిపోతుంది. చింతాకు వంటి దాన్ని మా తెలుగు పుస్తకాల్లో సమపిచ్ఛాకార పత్రం, అంటే ఈకలా ఉండి జతతోనే ముగిసే ఆకు, అంటాము. ఇంగ్లీషులో దానికి ఉన్న పాత పేర్లలో ఒకటి ‘అబ్రప్ట్‌లీ పిన్నేట్’. పిల్లలు ఆ పేరును ‘హఠాత్తుగా పిచ్ఛాకారమైన ఆకు’ అని అనువదించి రాసినప్పుడు నేను ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని గానీ, ఎందుకు తప్పో చెప్పడం నాకూ సరిగా వచ్చేది కాదు. విద్యానగర్ మాస్టారి జవాబుతో ఈ రోజు తెలిసింది. ఈ ఏడాది తరగతిలో రెండు రెబ్బలూ చేతికిచ్చి చెబుతాను.

జవాబు 3: అబిడ్స్ ఆదివారం

ఉపాధ్యాయులిద్దరి మాటలూ ఆసక్తిగా ఉన్నాయి. ఆదివారాల్లో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత నిఘంటువులు ఏరుకునే అలవాటున్న నాకు మాటల పుట్టుక అంటే ప్రీతే. అయినా ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. మాట పుట్టుక వేరు, నేటి వాడుక వేరు. మాట ఎక్కడ పుట్టిందో అదే దాని ‘అసలు’ అర్థమనుకుంటే, దివాలా తీసిన ప్రతివాడి ఇంటికీ వెళ్లి విరిగిన బల్ల కోసం వెతకవలసి వస్తుంది. ఇప్పటి ఇంగ్లీషులో అబ్రప్ట్‌కు మొదట చెప్పే అర్థం ఆకస్మికమే. కనుక నిఘంటువు దానిని ముందు పెట్టడం న్యాయమే, ప్రశ్న అడిగినవారు బడిలో నేర్చుకున్నదీ తప్పు కాదు.

వారికి నిజంగా ఉపయోగపడే ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం: సడన్ అనే మాట ఉండగా అబ్రప్ట్ ఎందుకు? రెండూ ఒకటే అయితే ఒకటి ఎప్పుడో రాలిపోయేది.

సడన్ కూడా లాటిన్ నుండి ఫ్రెంచి మీదుగా వచ్చిందే, అబ్రప్ట్ కంటే దాదాపు మూడు వందల ఏళ్లు ముందు, 1300 ప్రాంతంలో. దాని మూలం ‘సుబీరె’. ‘సుబ్’ అంటే కింద, ‘ఈరె’ అంటే వెళ్లడం. కిందుగా, చప్పుడు లేకుండా వచ్చి మీద పడడం. (ఆ ‘ఈరె’కూ సంస్కృతంలో వెళ్తాడనే అర్థమిచ్చే ‘ఏతి’కీ చుట్టరికం ఉంది.) అంటే సడన్‌లో ఉన్నది రాక, పిల్లి వచ్చినట్లు రావడం. అబ్రప్ట్‌లో ఉన్నది తెగిపోవడం. ఈ తేడా నేటి వాడుకలో కూడా మిగిలే ఉందని ఒప్పుకుంటాను, అందువల్ల నా అభ్యంతరం నాకే కొంత ఎదురు తిరుగుతోంది. వాన సడన్‌గా వస్తుంది. అబ్రప్ట్‌గా వచ్చిందని ఇంగ్లీషువారు సాధారణంగా అనరు, ఆగిందని మాత్రం అంటారు. సంతోషం సడన్‌గా కలుగుతుంది, అబ్రప్ట్ సంతోషం అనేది వినలేదు. సభ ముగియడం, ఉద్యోగం వదిలి వెళ్లడం, వాహనం ఆగడం, మాట మార్చడం, విధానం మారడం, వీటికి అబ్రప్ట్ చక్కగా అతుకుతుంది. అన్నింటిలోనూ అంతవరకు నడుస్తున్నది ఏదో ఉండి తీరాలి. నడుస్తున్నదేదీ లేనిచోట తెగడానికి ఏమీ ఉండదు.

మెట్రోలో రోజూ వెళ్లేవారికి ఒక ఉదాహరణ. స్టేషన్ దగ్గర పడుతుండగా రైలు నెమ్మదించి ఆగితే నిలబడ్డవారు కదలరు. వేగం మీద ఉండగా ఒక్క కుదుపుతో ఆగితే అందరూ ముందుకు తూలి పక్కవారి భుజం పట్టుకుంటారు. ఆ కుదుపు అబ్రప్ట్.

జవాబు 4: అనువాదకురాలు, మల్కాజిగిరి

అబిడ్స్ ఆదివారం గారి హెచ్చరిక సబబే గానీ, పుట్టుకను పక్కన పెట్టడం వల్ల అనువాదంలో ఎంత నష్టం జరుగుతుందో నా అనుభవం నుండి రెండు ముక్కలు చెప్పనివ్వండి. నేను విజ్ఞానశాస్త్ర వ్యాసాలను తెలుగులోకి తెచ్చి పొట్టపోసుకునేదాన్ని. ఈ మాట దగ్గర రెండుసార్లు బోర్లాపడ్డాను.

మొదటిది వాతావరణం గురించిన వ్యాసం. అందులో ‘అబ్రప్ట్ క్లైమేట్ చేంజ్’ అని ఉంటే, ఆలోచించకుండా ‘ఆకస్మిక వాతావరణ మార్పు’ అని రాసి పంపాను. సంపాదకులు వెనక్కి పంపి, ‘రాత్రికి రాత్రి ఎండలు వచ్చాయా అమ్మా?’ అని అడిగారు. వ్యాసంలో చెప్పినది యంగర్ డ్రయాస్ అనే చలి కాలం సంగతి. అది సుమారు 12,900 సంవత్సరాల కిందట మొదలై 11,700 సంవత్సరాల కిందట ముగిసింది. ముగింపులో గ్రీన్‌లాండ్ ప్రాంతపు ఉష్ణోగ్రత కొన్ని దశాబ్దాల్లోనే పది డిగ్రీల దాకా పెరిగిందని మంచు పొరలు చెబుతున్నాయి. కొన్ని దశాబ్దాలంటే మనిషికి సగం జీవితం. దాన్ని ఆకస్మికమని ఏ తెలుగు పాఠకుడూ అనుకోడు. అయినా శాస్త్రజ్ఞులు అబ్రప్ట్ అనే అంటారు, ఎందుకంటే అప్పటిదాకా ఒక తీరున నడిచిన వ్యవస్థ ఒక హద్దు దాటి, ఆ తీరు తెంచుకుని మరో స్థితిలో పడింది. వారు చెబుతున్నది ఆ తెగడం గురించి. చివరికి ‘పాత ఒరవడి తెగిన వాతావరణ మార్పు’ అని రాశాను. పొడవే, ఒప్పుకుంటాను.

రెండవది వైద్యం. గర్భిణులకు వచ్చే ఒక ప్రమాదాన్ని ‘ప్లసెంటల్ అబ్రప్షన్’ అంటారు. బిడ్డ పుట్టిన తరువాత విడిపోవలసిన మాయ, పుట్టక ముందే గర్భాశయం గోడ నుండి ఊడిపోవడం అది. ఒక్కొక్కసారి రక్తం బయటికి రాకుండా మాయ వెనుకే నిలిచిపోతుంది కనుక చూసేవారికి తీవ్రత తెలియదు. ఇది ఎక్కువగా ఉన్నట్టుండి జరిగేదే అయినా, కొందరిలో వారాల తరబడి కొంచెం కొంచెంగా కూడా జరుగుతుంది, దానిని ‘క్రానిక్ అబ్రప్షన్’ అంటారు. అబ్రప్ట్ అంటే ఆకస్మికమే అయితే ఆ పేరు ‘దీర్ఘకాలపు ఆకస్మికం’ అని తనను తానే కొట్టేసుకోవాలి. ఊడిపోవడం అనుకుంటే చిక్కే లేదు. ‘మాయ ముందుగా విడిపోవడం’ అని రాస్తే ఏ పల్లెలోని అమ్మకైనా అర్థమవుతుంది.

ఇక తార్నాక వాసి గారి స్వార్థపు ప్రశ్న. నిఘంటువులు ‘కటువైన, మొరటైన’ అంటాయి, రెండూ అతకవు. ‘నోటెడ్’ అనడంలో కటువు లేదు, తిట్టూ లేదు. మనకు ఇంట్లోనే ఒక మాట ఉంది. అడిగినదానికి ఒక్క ముక్కలో, ఇంకేమీ అడగడానికి వీలులేకుండా చెప్పేవాణ్ని ‘పుల్ల విరిచినట్లు మాట్లాడతాడు’ అంటాము. అటువంటి మాటలు పుల్లవిరుపు మాటలు. ఎండుపుల్లను రెండు చేతులా పట్టుకుని విరిచినప్పుడు వచ్చే ‘ఫట్’ను ఒకసారి తలచుకోండి. లాటిన్‌వాడు ‘విరిగిన’ అన్నాడు, మనవాళ్లు ఏది విరిగిందో కూడా చెప్పారు. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

జవాబు 5: తార్నాక వాసి

మీ అందరికీ కృతజ్ఞతలు. పుల్ల విరిచినట్లు అన్న మాట చదివి చాలాసేపు ఊరుకున్నాను. కారణం చివర చెబుతాను.

రెండు అనుబంధ ప్రశ్నలు. మా నాన్నగారు ఇటువంటి సందర్భంలో ‘ముక్తసరిగా’ అంటారు. అది అబ్రప్ట్‌కు సరిపోతుందా? రెండవది, హఠాత్తు, అకస్మాత్తు అనే మాటల్లోనూ ఇటువంటి విరుపు ఏదైనా దాగి ఉందా, లేక అవి మొదటి నుండీ కాలానికి సంబంధించినవేనా?

జవాబు 6: అనువాదకురాలు, మల్కాజిగిరి

మొదటిదానికి నేను చెబుతాను. ముక్తసరి సంస్కృతంలా కనిపిస్తుంది గానీ, అది ఉర్దూ ముఖ్తసర్. అరబీ నుండి వచ్చిన మాట, ‘సంక్షిప్తం చేసిన’ అని అర్థం. కనుక అది కుదించడం, ఇది విరవడం. ముక్తసరిగా చెప్పినవాడు చెప్పవలసినదంతా కొద్దిలో చెప్పి ఉండవచ్చు. పుల్ల విరిచినవాడు చెప్పవలసినది మిగిల్చి వెళ్లిపోతాడు. తండ్రిగారు మీ మీద ప్రేమతో మెత్తని మాట ఎంచుకున్నారని అనుకోండి. ఇంగ్లీషులో ముక్తసరికి దగ్గరగా వచ్చేది కర్ట్, దాని లాటిన్ మూలానికి ‘కత్తిరించి పొట్టిచేసిన’ అని అర్థం.

మన ఊరి తెలుగులో ఆకస్మికానికి ఉర్దూ వైపు నుండి వచ్చినవి ఇంకా ఉన్నాయి. ‘ఏక్‌దమ్’ అంటే ఒక్క ఊపిరి; ‘ఏక్‌దమ్ ఆగిపోయింది’ అన్నప్పుడు ఒక ఊపిరి పట్టేంత కాలంలో అని. పుస్తకాల్లోకి కూడా ఎక్కిన ‘యకాయకి’లో ఉన్న ‘యక్’ ఫారసీ ‘ఒకటి’. మన ‘ఒక్కసారిగా’, తెలంగాణలో అనే ‘ఒక్కపారి’ కూడా ఒకటి లెక్కనే పట్టుకున్నాయి. ఇవన్నీ గడియారం వైపు మాటలు. విరుపు వైపు మాట కావాలంటే ధ్వన్యనుకరణాల్లో వెతకాలి: దారం పుటుక్కున తెగుతుంది, మనిషి పుటుక్కున పోతాడు. అక్కడ దారం తెగిన చప్పుడే ఆకస్మికతకు పేరైంది. ఒక సభ అబ్రప్ట్‌గా ముగిస్తే మాత్రం నేను ‘అర్ధాంతరంగా’ అనే రాస్తాను. సగం దారిలో అని అందులోనే ఉంది కనుక దానికి మించిన మాట నాకు దొరకలేదు.

జవాబు 7: విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు, విద్యానగర్

రెండవ ప్రశ్న నాకు వదిలినందుకు మల్కాజిగిరి వారికి కృతజ్ఞతలు. సంస్కృతంలో ‘హఠం’ అంటే బలాత్కారం, మొండిపట్టు. హఠయోగంలోని హఠం అదే. దాని పంచమీ విభక్తి రూపం ‘హఠాత్’, అంటే బలం వల్ల. కాబట్టి హఠాత్తుగా జరిగినది నిజానికి మన మీద బలవంతంగా వచ్చి పడినది. ‘సహసా’ అన్నా హఠాత్తుగా అనే అర్థమే. అందులోని ‘సహస్’ కూడా బలమే, మన సాహసం ఆ ఇంటి బిడ్డే. అకస్మాత్ కథ వేరు. ‘కస్మాత్’ అంటే దేని వల్ల? దాని ముందు ‘అ’ చేరి, దేని వల్లనో చెప్పలేనిది అయింది. అంటే ఒకే సంఘటనను సంస్కృతం కారణం కనబడనిదిగా, బలంతో వచ్చినదిగా చూస్తే, లాటిన్ పిల్లి అడుగులతో వచ్చినదిగా, విరిగిపోయినదిగా చూసింది. ప్రభుత్వ కార్యాలయాల్లో వారం ముందే దరఖాస్తు పెట్టి మంజూరు చేయించుకునే సెలవును ‘ఆకస్మిక సెలవు’ అనడం ఈ లెక్కలో ఎక్కడ ఇమడుతుందో మాత్రం, ముప్ఫై ఏళ్లు ఆ సెలవులు పెట్టిన నేను చెప్పలేను.

విరుపుకూ మనకూ చుట్టరికం లేదని మాత్రం అనుకోవద్దు. లాటిన్ ‘రుంపో’ అంటే విరుస్తాను, ‘రుప్టుస్’ అంటే విరిగినది. క్రియలో మకారం ఉంది, రెండవ రూపంలో లేదు. సంస్కృతంలో ‘లుంపతి’ అంటే విరుస్తాడు, పాడుచేస్తాడు. ‘లుప్త’ అంటే విరిగిపోయినది, లేకుండా పోయినది. ఇక్కడా క్రియలో మకారం ఉంది, రెండవ రూపంలో లేదు. రేఫ లకారాలు, అంటే ర, ల, ఒకదాని చోట ఒకటి రావడం సంస్కృతంలో మామూలే. ఈ పోలికను బట్టి రెండు ధాతువులనూ ఒకే కుదురువని పాశ్చాత్య నిఘంటుకారులు పందొమ్మిదో శతాబ్దిలోనే పక్కపక్కన పెట్టి చూపారు. అంటే మన లోపం, లోపించడం, లుప్తం అన్నీ అబ్రప్ట్‌కు దూరపు బంధువులు. పాణిని ‘కనబడకపోవడమే లోపం’ అని సూత్రం చేశాడు. ఉండవలసిన అక్షరం కనబడకపోతే అది లోపం. నేను మొదట గోల్కొండ బండ మీద చూపిన ‘లేని వాలు’, టీచరమ్మ గారు చూపిన ‘లేని కొస ఆకు’ ఈ సూత్రానికి చక్కగా ఉదాహరణలవుతాయి.

జవాబు 8: అబిడ్స్ ఆదివారం

లోపంతో చుట్టరికం చూపించాక నా అభ్యంతరాన్ని సగం వెనక్కి తీసుకుంటున్నాను. సగమే. తార్నాక వాసి గారి మేనేజర్ ఈ మాట రాసినప్పుడు లాటిన్ తలచుకుని ఉండరు, పాణినిని అసలే తలచుకుని ఉండరు.

ఒక చిన్న అనుభవ సలహా కూడా. నడిచే మాట విరగకుండా ఉండడానికి పొడవైన జవాబు అక్కరలేదు. అవతలివారు అడిగిన రెండు ప్రశ్నలకూ రెండు వాక్యాలు, ఎప్పటిలోగా చేస్తారో ఒక వాక్యం ఉంటే చాలు. ముక్తసరిగానే ఉంటుంది, పుల్ల మాత్రం విరగదు.

జవాబు 9: తార్నాక వాసి

ఆ మూడు వాక్యాలూ నిన్న రాసి పంపాను. నలభై సెకన్లకు బదులు ఆరు నిమిషాలు పట్టింది. క్లయింట్ నుండి మళ్లీ పన్నెండు పంక్తులు వచ్చాయి, అది వేరే సంగతి.

చివర చెబుతానన్నది ఇది. మల్కాజిగిరి వారి జవాబును రాత్రి భోజనాల దగ్గర పైకి చదివి వినిపిస్తుంటే, చారు వడ్డిస్తున్న మా అమ్మ గరిటె ఆపి, ‘ఆ పుల్ల విరిచిన మాట నీకు ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్నదే కదరా, ఇంగ్లీషులో రాసిస్తే గానీ చెవికెక్కలేదా?’ అంది. నేను ‘ఊఁ’ అన్నాను. ‘అదిగో, మళ్లీ’ అంది.